ఫ్లోట్ ఎత్తు వేరు, పెట్రోల్ మట్టం వేరు: పాత బైకుల కార్బురేటర్ కొలతల్లో తికమక ఎక్కడ?

సంక్షిప్తంగా

పాత మోటార్‌సైకిళ్ల సర్వీస్ పుస్తకాల్లో ‘ఫ్లోట్ లెవల్’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి, కార్బురేటర్‌ను (ఇంజిన్‌కు పెట్రోల్, గాలి కలిపి అందించే భాగాన్ని) విప్పి, తిరగేసి కొలిచే ఫ్లోట్ ఎత్తు; ఫ్లోట్ అంటే పెట్రోల్ మీద తేలే బుడ్డి. రెండోది, బౌల్‌లో, అంటే కార్బురేటర్ అడుగు గిన్నెలో, పెట్రోల్ నిజంగా నిలిచే మట్టం. మొదటిదాన్ని స్కేలు, వెర్నియర్ లేదా ఫ్లోట్ గేజ్‌తో కొలుస్తారు. రెండోదాన్ని బౌల్ అడుగున తగిలించిన పారదర్శక ట్యూబులో చూస్తారు. విడిభాగాలన్నీ కంపెనీ ఇచ్చినవే అయితే ఈ రెండూ ఒకదానికొకటి సరిపోతాయి. యాభై ఏళ్ల బండిలో అలా ఉండడం అరుదు. గేజ్ ప్రకారం అంతా సరిగ్గా ఉన్నా పెట్రోల్ కారడం, ఇంజిన్ తడబడడం అందుకే కనిపిస్తుంటాయి.

ఒకే పేరు, రెండు కొలతలు

1969లో వచ్చిన హోండా సీబీ 750కి ఫ్లోట్ ఎత్తు 26 మి.మీ. అని ఉంటుంది. అదే కంపెనీ కొన్నేళ్లకు తెచ్చిన సీబీ 550కి 22 మి.మీ. ఈ రెండు అంకెలు పక్కపక్కన చూసినవారికి ఒక బండిలో పెట్రోల్ ఎక్కువ ఎత్తున, ఇంకోదాంట్లో తక్కువ ఎత్తున ఉంటుందేమో అనిపిస్తుంది. కానీ ఆ అంకెలకు పెట్రోల్ మట్టంతో నేరుగా సంబంధం లేదు. కార్బురేటర్‌ను తిరగేసినప్పుడు, బౌల్ గ్యాస్కెట్ కూర్చునే అంచు నుంచి ఫ్లోట్ అవతలి అంచు దాకా ఉన్న దూరం అది. ఫ్లోట్ లావుగా ఉంటే అంకె పెద్దది అవుతుంది. ఫ్లోట్ ఇరుసు ఎక్కడుందన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. అందుకే ఒక మోడల్ అంకెను ఇంకో మోడల్‌తో పోల్చి లాభం లేదు.

పైగా ఈ అంకె తలకిందులుగా పనిచేస్తుంది. తిరగేసి కొలిచినప్పుడు దూరం పెరిగిందంటే, బండి మీద ఆ ఫ్లోట్ కిందనే ఉండగా పెట్రోల్ లోపలికి వచ్చే వాల్వ్ మూసుకుంటుందని అర్థం. అంటే బౌల్‌లో పెట్రోల్ తగ్గుతుంది. 26 ఉండాల్సిన చోట 28 పెడితే మట్టం పెరగదు, పడిపోతుంది. కొత్తగా చేతులు పెట్టేవారు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే.

కవాసాకి, యమహా చాలా మోడళ్లకు ఇంకో పద్ధతిలో అంకె ఇచ్చాయి. కార్బురేటర్ బాడీ కింది అంచుకు పెట్రోల్ ఎన్ని మి.మీ. పైన లేదా కింద నిలవాలో చెప్పాయి. ఇది నేరుగా పెట్రోల్ మట్టమే. కొన్ని పుస్తకాల్లో రెండు అంకెలూ ఉంటాయి, రెండూ వేర్వేరు పేజీల్లో. ‘ఫ్లోట్ హైట్’ అన్న చోట గేజ్, ‘ఫ్యూయల్ లెవల్’ అన్న చోట ట్యూబు వాడాలి. ‘ఫ్లోట్ లెవల్’ అని మాత్రమే రాసి వదిలేస్తే పక్కనున్న బొమ్మ చూసి తేల్చుకోవాల్సిందే.

మట్టం మారితే ఇంజిన్‌కు ఏమవుతుంది

ఫ్లోట్ చేసే పని ఇంటిపైన నీళ్ల ట్యాంకులో బాల్ వాల్వ్ చేసే పని లాంటిదే. పెట్రోల్ నిండేకొద్దీ ఫ్లోట్ తేలుతుంది, దాని లోహపు నాలుక ఫ్లోట్ నీడిల్‌ను సీటులోకి నొక్కుతుంది, ధార ఆగుతుంది. తేడా అల్లా ట్యాంకులో నీళ్లు అంగుళం అటూ ఇటూ అయినా ఎవరికీ పట్టదు. కార్బురేటర్‌లో 2 మి.మీ. కూడా పట్టించుకోవాలి.

ఎందుకన్నది కార్బురేటర్ పనిచేసే తీరులోనే ఉంది. వెంచురీ అనే సన్నటి మెడ గుండా గాలి వేగంగా వెళ్లినప్పుడు అక్కడ పీడనం తగ్గుతుంది. బౌల్‌లోని పెట్రోల్ మీద మామూలు వాతావరణ పీడనం ఉంటుంది. ఈ తేడాయే పెట్రోల్‌ను పైకి ఎక్కిస్తుంది. 1893లో విల్‌హెల్మ్ మేబాక్ జర్మనీలో, బాంకీ, చోంకా హంగరీలో ఇలా పెట్రోల్‌ను చిమ్మించే కార్బురేటర్లను తెచ్చిన నాటి నుంచి ఈ సూత్రం మారలేదు. బౌల్‌లో నిలిచిన పెట్రోల్ పైఅంచుకూ, అది చిమ్మాల్సిన రంధ్రానికీ మధ్య కొన్ని మి.మీ. ఎత్తు ఉంటుంది. ఇంజిన్ పీల్పులో కొంత భాగం ఆ ఎత్తును ఎక్కించడానికే ఖర్చవుతుంది. మిగిలినదే ప్రవాహాన్ని నడిపిస్తుంది.

ఒక ఉదాహరణ లెక్క చూడవచ్చు. లీటరు పెట్రోల్ బరువు 740 గ్రాములు అనుకుంటే, 6 మి.మీ. ఎత్తు ఎక్కించడానికి సుమారు 44 పాస్కల్ పీడనం కావాలి. మట్టం 2 మి.మీ. పడిపోయి ఆ ఎత్తు 8 మి.మీ. అయితే 58 పాస్కల్ కావాలి. థ్రాటిల్ కొద్దిగానే తెరిచి ఉండి, పీల్పు 300 పాస్కల్ దగ్గర ఉన్నప్పుడు ఈ తేడా వల్ల పెట్రోల్ ప్రవాహం దాదాపు 3 శాతం తగ్గుతుంది. పీల్పు 3,000 పాస్కల్ దగ్గర ఉన్నప్పుడు తగ్గేది పావు శాతమే.

ఈ లెక్క ఒక అపోహను తీరుస్తుంది. ఫుల్ థ్రాటిల్‌లో మిశ్రమం పల్చగా (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువగా) ఉంటే ఫ్లోట్ పైకి వంచి సరిచేయాలని చాలామంది ప్రయత్నిస్తారు. అక్కడ మట్టం ప్రభావం నామమాత్రం, అది మెయిన్ జెట్ (ఫుల్ థ్రాటిల్‌లో పెట్రోల్ ఎంత పోవాలో తేల్చే రంధ్రం) చూసుకోవాల్సిన పని. మట్టం ఎక్కువగా తెలిసేది ఐడిల్ దాటి నీడిల్ జెట్ (వెంచురీలోకి పెట్రోల్ చిమ్మే గొట్టం) నుంచి పెట్రోల్ రావడం మొదలయ్యే చోట, మెల్లగా థ్రాటిల్ తిప్పినప్పుడు వచ్చే తడబాటులో. ఒకవేళ ఫుల్ థ్రాటిల్‌లో కొంతదూరం వెళ్లాక బండి చచ్చుబడితే, అది మట్టం సమస్య కన్నా సరఫరా సమస్య కావడానికే ఎక్కువ అవకాశం. ఫ్లోట్ నీడిల్ తగినంత తెరుచుకోకపోవడమో, ట్యాంక్ ట్యాప్‌లో మురికో, ట్యాంక్ మూతలో గాలి రంధ్రం మూసుకుపోవడమో చూడాలి.

మట్టం మరీ పెరిగినప్పుడు కనిపించే గుర్తులు మొరటుగా ఉంటాయి. ఓవర్‌ఫ్లో పైపు నుంచి కారడం, బ్రేక్ వేసినప్పుడు ఇంజిన్ ముక్కడం, ప్లగ్ మసిబారడం. ఓవర్‌ఫ్లో పైపు లేని పాత కార్బురేటర్లలో పెట్రోల్ సిలిండర్‌లోకి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. ఇది ఖరీదైన తప్పు.

పొడిగా కొలిచే పనిముట్లు

పెట్రోల్ లేకుండా ఫ్లోట్ ఎత్తును కొలవడానికి వాడేవన్నీ ఒకే కుటుంబం. మామూలు ఉక్కు స్కేలు, వెర్నియర్ వెనక నుంచి బయటికొచ్చే లోతు కడ్డీ, కంపెనీ గేజ్, అట్టముక్కతో కత్తిరించుకున్న అచ్చు. వీటిలో దేనికెంత కచ్చితత్వం అన్నది రెండో ప్రశ్న. దేన్నైనా ఎక్కడ ఆనిస్తున్నాం అన్నదే మొదటి ప్రశ్న.

స్కేలుతో ఇబ్బంది ఏమిటంటే దాని సున్నా గీత చాలాసార్లు అంచుకు కొంచెం లోపల ఉంటుంది. పైగా గుండ్రటి ఫ్లోట్ పక్కన దాన్ని నిలబెట్టి, కన్ను సరిగ్గా ఎదురుగా పెట్టి చదవడం కష్టం. వెర్నియర్ 0.1 మి.మీ. దాకా చూపిస్తుంది కానీ కడ్డీ ఒంటికాలి మీద నిలబడుతుంది. కొంచెం వాలితే కొలత పెరుగుతుంది. కడ్డీ బరువుకే ఫ్లోట్ కిందికి దిగవచ్చు కూడా. అంటే పనిముట్టు ఎంత సున్నితంగా చదవగలిగినా చేయి ఆ సున్నితత్వాన్ని మింగేస్తుంది.

కంపెనీలు ప్రత్యేక గేజ్ చేసింది అందుకే. హోండా పుస్తకాల్లో 07401-0010000 నంబరుతో కనిపించే ఫ్లోట్ గేజ్ గ్యాస్కెట్ అంచు మీద నిటారుగా నిలబడుతుంది. మధ్యలో జరిగే భాగాన్ని కావాల్సిన అంకె దగ్గర పెట్టి, మెయిన్ జెట్ వరుసలో ఆనిస్తారు. ఫ్లోట్ దానికి తగిలీ తగలనట్టు ఉండాలి. దీనికి రెండు వైపులా ఆధారం ఉంటుంది, వాలదు. ఇక అంకె చదివే పనే లేదు. తగిలిందా లేదా అన్నది చూస్తే చాలు.

అదే లాభం గట్టి అట్టముక్కకూ ఉంది. అడుగు తిన్నగా ఉన్న అట్ట తీసుకుని, మధ్యలో ఫ్లోట్ పట్టేంత గాడి కత్తిరించి, గాడి లోతును వెర్నియర్‌తో సరిచూస్తే ఆ ఒక్క మోడల్‌కు అది కంపెనీ గేజ్‌తో సమానం. పెద్దగా గౌరవం లేని పనిముట్టే అయినా, చేతిలో వణికే వెర్నియర్ కన్నా నమ్మదగ్గది. గాడిని రెండు మెట్లుగా, అనుమతించిన పరిమితికి ఒకటి పైన, ఒకటి కింద కత్తిరిస్తే ఇంకా మంచిది. తక్కువ లోతున్న మెట్టుకు తగలాలి, ఎక్కువ లోతున్నదానికి తగలకూడదు. ఈ మధ్య త్రీడీ ప్రింటర్‌తో చేసిన గేజ్‌లు కూడా కనిపిస్తున్నాయి. ప్రింట్ అయ్యాక కాళ్ల అడుగు సమంగా ఉందో లేదో, లోతు చెప్పినంత ఉందో లేదో వెర్నియర్‌తో చూడకుండా వాటిని వాడడం గుడ్డి నమ్మకమే.

పనిముట్టు ఏదైనా మూడు చిన్న విషయాలు కొలతను మి.మీ. దాకా తప్పించగలవు. గ్యాస్కెట్ తీసి కొలవాలా, ఉంచి కొలవాలా అన్నది పుస్తకాన్ని బట్టి మారుతుంది. ఫ్లోట్ రెండు ముక్కలు అతికిన చోట ఉబ్బెత్తు గీత ఉంటుంది, దాని మీద కొలవకూడదు. జంట ఫ్లోట్‌లలో ఒకటి ఎత్తుగా, ఒకటి పల్లంగా ఉంటే ముందు వాటిని సమం చేయాలి, తర్వాతే కొలత.

స్ప్రింగ్ పిన్ పెట్టే మెలిక

జపాన్ కార్బురేటర్లలో చాలావాటికి ఫ్లోట్ నీడిల్ తోక దగ్గర చిన్న స్ప్రింగ్ పిన్ ఉంటుంది. రోడ్డు కుదుపులకు నీడిల్ సీటు మీద గెంతకుండా ఇది కాపాడుతుంది. కొలిచేటప్పుడు మాత్రం ఇదే దారి తప్పిస్తుంది. కార్బురేటర్‌ను పూర్తిగా తిరగేస్తే ఫ్లోట్ బరువంతా ఆ పిన్ మీద పడి స్ప్రింగ్ నొక్కుకుపోతుంది. ఫ్లోట్ ఉండాల్సిన దానికన్నా కిందికి దిగి, కొలత తక్కువ వస్తుంది. ఆ తప్పుడు కొలతను సరిచేయడానికి నాలుకను వంచితే, కొలత కాగితం మీద బాగుపడుతుంది, బండిలో మట్టం పడిపోతుంది.

అందుకే కార్బురేటర్‌ను తలకిందులు చేయకుండా 45 నుంచి 60 డిగ్రీల కోణంలో వాల్చి, నాలుక పిన్‌ను తాకిన క్షణంలో కొలవాలని చెబుతారు. తాకింది కానీ నొక్కలేదు అన్న ఆ క్షణాన్ని కంటితో పట్టుకోవడం సులువు కాదు. దానికి పాతకాలపు చిట్కా ఒకటుంది. పెట్రోల్ వచ్చే గొట్టానికి శుభ్రమైన ట్యూబు తగిలించి, చిన్న రబ్బరు బుడ్డితో మెల్లగా గాలి పంపుతూ ఫ్లోట్‌ను వేలితో లేపుతారు. గాలి ఎక్కడ ఆగిందో అక్కడే వాల్వ్ మూసుకున్నట్టు. గట్టిగా ఊదితే మాత్రం నీడిల్ తెరుచుకుని లెక్క తప్పుతుంది.

సరిచేసేది నాలుకను వంచే. ఇక్కడ మీట సూత్రం గుర్తుండాలి. ఇరుసు నుంచి నాలుక 8 మి.మీ. దూరంలో, ఫ్లోట్ మధ్యభాగం 32 మి.మీ. దూరంలో ఉందనుకుంటే, నాలుక పావు మి.మీ. కదిలితే ఫ్లోట్ ఒక మి.మీ. కదులుతుంది. సన్నటి స్క్రూడ్రైవర్ మొన, చిన్న ప్లయర్ తప్ప వేరే ఏమీ అక్కర్లేదు. నీడిల్‌ను ఫ్లోట్ నుంచి విడదీసి వంచాలి. నీడిల్ సీటులో ఉండగా నాలుకను నొక్కితే రబ్బరు మొన మీద గాడి పడి, చేసిన పనికి కారిపోవడం అదనంగా వస్తుంది. 1980ల నాటి కొన్ని ప్లాస్టిక్ ఫ్లోట్‌లకు వంచడానికి నాలుకే ఉండదు. కొలత తప్పితే ఫ్లోట్ మార్చమనడమే వాటికి కంపెనీ చెప్పిన మార్గం.

ట్యూబులో కనిపించే నిజం

పెట్రోల్ మట్టాన్ని నేరుగా చూడాలంటే బౌల్ అడుగున ఉన్న డ్రెయిన్‌కు పారదర్శక ట్యూబు తగిలించి, దాన్ని కార్బురేటర్ పక్కగా పైకి నిలబెట్టాలి. మేస్త్రీలు గోడ మట్టం చూడడానికి నీళ్ల ట్యూబు వాడినట్టే. బౌల్‌లో ఎంత ఎత్తున ఉందో ట్యూబులోనూ అంతే ఎత్తున నిలుస్తుంది. గీతలున్న ఇలాంటి గేజ్‌లను యమహా 90890-01312 నంబరుతో, కవాసాకి 57001-1017 నంబరుతో అందించాయి. డ్రెయిన్‌కు ముక్కు లేని కార్బురేటర్లకు పాత డ్రెయిన్ స్క్రూ ఒకటి తీసుకుని మధ్యలో రంధ్రం చేసి, దానికి సన్నటి ఇత్తడి గొట్టం అతికిస్తే సరిపోతుంది.

చూడడానికి ఇంతకన్నా సులువైన పనిముట్టు లేదనిపిస్తుంది. తప్పులు దాగి ఉండేదీ ఇక్కడే.

మొదటిది ట్యూబు లావు. సన్నటి ట్యూబులో ద్రవం తనంతట తనే గోడలు పట్టుకుని పైకి పాకుతుంది. లోపలి వ్యాసం 2 మి.మీ. ఉంటే పెట్రోల్ 5 మి.మీ.కి పైగా పాకగలదు. అంటే కొలవాల్సిన తేడా కన్నా కొలతలోని దోషమే పెద్దది. 8 మి.మీ. వ్యాసం ఉన్న ట్యూబులో ఇది ఒక మి.మీ. కన్నా తక్కువ. అక్వేరియం గొట్టం ముక్కో, సెలైన్ ట్యూబో దొరికింది కదా అని తగిలిస్తే ఈ సంగతి మర్చిపోకూడదు. ట్యూబు మరీ సన్నగా ఉంటే, చదివే భాగం వరకైనా వెడల్పాటి గాజు గొట్టం కలపడం మేలు.

రెండోది బండి వాలు. సైడ్ స్టాండ్ మీద వాలిన బండిలో ఈ కొలతకు అర్థం లేదు. నిటారుగా నిలబెట్టామనుకున్నా 3 డిగ్రీలు వాలి ఉంటే, బౌల్ మధ్య నుంచి 30 మి.మీ. దూరంలో పట్టుకున్న ట్యూబు 1.6 మి.మీ. తప్పు చూపిస్తుంది. కార్బురేటర్ మీదే చిన్న రసమట్టం పెట్టి చూసుకోవాలి, ట్యూబును బౌల్‌కు ఎంత దగ్గరగా ఉంచితే అంత మంచిది.

మూడోది చాలామందికి తట్టనిది. ట్యూబును కిందికి దించి మళ్లీ పైకి ఎత్తితే మట్టం నిజానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. దించినప్పుడు బౌల్‌లోని పెట్రోల్ ట్యూబులోకి వస్తుంది, బౌల్‌లో తగ్గుతుంది, ఫ్లోట్ దిగి కొత్త పెట్రోల్‌ను లోపలికి వదులుతుంది. ఎత్తినప్పుడు ట్యూబులోది మళ్లీ బౌల్‌లోకి పోతుంది. ఫ్లోట్ నీడిల్ పెట్రోల్‌ను లోపలికి రానివ్వగలదు, బయటికి పంపలేదు. ఆ అదనం అక్కడే ఉండిపోతుంది. అందుకే గేజ్ గీతను ముందు బాడీ అంచుకు కొన్ని మి.మీ. పైన పట్టుకుని, పెట్రోల్ నిలకడగా ఆగాక, నెమ్మదిగా దించుతూ అంచుకు సరిగ్గా తీసుకురావాలని కవాసాకి పుస్తకాలు చెబుతాయి. దాటి కిందికి పోతే ట్యూబు ఖాళీ చేసి మొదటి నుంచి మొదలుపెట్టాలి.

ఇంజిన్ నడుస్తుండగా చూడాలా, ఆపి చూడాలా అన్నదీ పుస్తకాన్ని బట్టే. ఇంజిన్ కంపనకు నీడిల్ సన్నగా వణుకుతుంది, రెండు కొలతలూ ఒకటి కావు. ఇంజిన్ పీల్పుతో తెరుచుకునే ట్యాంక్ ట్యాప్ ఉన్న బండిని ఆపి చూడాలంటే ట్యాప్‌ను ప్రైమ్‌లో (పీల్పు లేకున్నా పెట్రోల్ వదిలే స్థానంలో) పెట్టాలి, లేకపోతే పెట్రోలే రాదు.

కార్బురేటర్‌ను బల్ల మీద బిగించి పరీక్షించేవారు చిన్న సీసాను ట్యాంకులా పైన వేలాడదీస్తారు. పెట్రోల్ అంటే భయపడి నీళ్లతో చేసే ప్రయోగం మాత్రం పనికిరాదు. పెట్రోల్‌లో 12 మి.మీ. మునిగే ఫ్లోట్ నీళ్లలో 9 మి.మీ. లోపే మునుగుతుంది. 3 మి.మీ. తేడా అక్కడే వచ్చింది. పెట్రోల్‌తోనే చేస్తే గాలి ఆడే చోట, నిప్పుకూ స్విచ్చులకూ దూరంగా చేయాలి.

ఈ గేజ్‌లకు లొంగని కార్బురేటర్లు

బ్రిటిష్ బండ్ల మీద కనిపించే అమాల్ వేరే దారిలో నడిచింది. 1927లో మూడు సంస్థల కలయికతో పుట్టిన ఈ కంపెనీ తొలి కార్బురేటర్లలో ఫ్లోట్ ఛాంబర్ పక్కన విడిగా ఉండేది. రేసింగ్ రకాల్లో దాన్ని రబ్బరు మీద వేలాడదీసేవారు. అక్కడ మట్టం సరిచేయడమంటే ఛాంబర్‌నే పైకి కిందికి జరపడం. వంచడానికి నాలుక లేదు, గేజ్ ఆనించడానికి అంచు లేదు. ట్యూబు ఒక్కటే దిక్కు.

1967లో వచ్చిన అమాల్ కాన్సెంట్రిక్ కార్బురేటర్‌లో ఫ్లోట్, నీడిల్, సీటు మూడూ బౌల్‌లోనే ఉంటాయి. మొదటి ప్లాస్టిక్ ఫ్లోట్‌కు వంచే వీలు లేదు. బౌల్‌ను వేడిచేసి, బిగించి ఉన్న ఇత్తడి సీటును కొంచెం పైకో కిందికో జరిపి మట్టం మార్చాలి. ఎక్కువ కదిలితే వెనక్కి తేవడం తలనొప్పి. తర్వాత వచ్చిన, వంచదగిన చేతులున్న ‘స్టేఅప్’ ఫ్లోట్ ఈ పనిని చాలా తేలిక చేసింది. దీనికి గేజ్‌గా బౌల్ అంచు మీద పెట్టిన తిన్నటి పట్టీ, లోతు కొలిచే వెర్నియర్ చాలు.

ఇటలీ కంపెనీ డెల్‌ఓర్టో ఇంకో రకం. దాని ఫ్లోట్‌ల మీద బరువు గ్రాముల్లో ముద్రించి ఉంటుంది. బరువైన ఫ్లోట్ ఎక్కువ మునుగుతుంది, మట్టం పెరుగుతుంది. ఇక్కడ కొలిచే పనిముట్టు చిన్న తక్కెడ. గేజ్‌తో ఎత్తు సరిచూసి, బరువు చూడకపోతే సగం పనే అయినట్టు.

పుస్తకంలోని అంకె ఎందుకు చాలడం లేదు

కంపెనీ ఇచ్చిన ఫ్లోట్ ఎత్తు నిజానికి ఒక దగ్గరిదారి. ఫ్యాక్టరీలో పెట్రోల్ మట్టాన్ని ఖాయం చేసి, ఆ మట్టం రావాలంటే పొడిగా ఎంత ఎత్తు పెట్టాలో మెకానిక్‌కు చెప్పారు. ఫ్లోట్ బరువు, నీడిల్ పొడవు, సీటు లోతు అప్పటివే అయితేనే ఆ దారి గమ్యానికి చేరుస్తుంది. వీటిలో ఏది ఎంత మారుస్తుందో లెక్క వేస్తే కొన్ని భయాలు తగ్గుతాయి, కొన్ని పెరుగుతాయి.

బయట దొరికే రిపేర్ కిట్‌లోని నీడిల్ పాతదానికన్నా 0.3 మి.మీ. పొడవుగా ఉంటే, పైన చెప్పిన మీట లెక్కలో ఫ్లోట్ దగ్గర 1.2 మి.మీ. తేడా వస్తుంది. సీటు కింద రాగి వాషర్ మందం మారినా అంతే. పాత నీడిల్ రబ్బరు మొన అరిగి గాడి పడితే అది సీటులోకి లోతుగా దిగుతుంది, మట్టం పెరుగుతుంది. అయితే వీటన్నిటినీ పొడి గేజ్ పట్టుకుంటుంది, ఎందుకంటే మారేది ఫ్లోట్ ఎత్తే.

గేజ్ పట్టుకోలేనిది బరువు. ఇత్తడి ఫ్లోట్‌కు చిల్లు పడి లోపలికి పెట్రోల్ చేరితే, లేదా ఆ చిల్లు మూయడానికి సీసం ధారాళంగా పోస్తే ఫ్లోట్ బరువెక్కుతుంది. జంట ఫ్లోట్‌ల మొత్తం వైశాల్యం 10 చదరపు సెం.మీ. అనుకుంటే, ఒక్క గ్రాము అదనపు బరువుకు మట్టం సుమారు 1.3 మి.మీ. పెరుగుతుంది. పొడి గేజ్ మీద మాత్రం అదే పాత ఎత్తు, అంతా సవ్యంగానే కనిపిస్తుంది. చిల్లు ఉందో లేదో తెలియాలంటే ఫ్లోట్‌ను వేడినీళ్లలో ముంచాలి, ఉంటే బుడగలు వస్తాయి. హార్లీ బండ్ల లింకర్ట్ లాంటి కార్బురేటర్లలోని బెండు ఫ్లోట్‌ల కథ ఇంకొంచెం క్లిష్టం. వాటి మీద పూసిన లక్క పూత ఇథనాల్‌కు కరిగిపోతుంది, బెండు పెట్రోల్ పీలుస్తుంది, మట్టం రోజురోజుకూ పెరుగుతుంది.

ఇథనాల్ మాట వచ్చింది కనుక ఒక తేడా గమనించాలి. 20 శాతం ఇథనాల్ కలిస్తే ఇంధనం సాంద్రత కొద్దిగా పెరుగుతుంది. 12 మి.మీ. మునిగే ఫ్లోట్‌కు అది 0.2 మి.మీ. కూడా కాదు. అసలు మార్పు మిశ్రమంలో ఉంది. మామూలు పెట్రోల్‌కు బరువు లెక్కన 14.7 వంతుల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 వంతులే. 20 శాతం కలిపితే సుమారు 13.5. అంటే ఇంజిన్‌కు దాదాపు 9 శాతం ఎక్కువ ఇంధనం అందాలి. మట్టాన్ని 2 మి.మీ. పెంచి ఫుల్ థ్రాటిల్‌లో సాధించేది పావు శాతం. ఫ్లోట్ వంచడం ఇక్కడ మందు కాదు, జెట్ మార్చాలి.

నాలుగు కార్బురేటర్లు వరసగా ఉంటే

వరసగా నాలుగు కార్బురేటర్లున్న బండిలో అంకె ఎంత అన్నదానికన్నా నాలుగూ ఒకేలా ఉన్నాయా అన్నది ముఖ్యం. నాలుగింటిలోనూ మట్టం ఒక మి.మీ. తగ్గి ఉంటే జెట్‌లతో, స్క్రూలతో సర్దుకోవచ్చు. ఒకదాంట్లో ఎక్కువ, ఒకదాంట్లో తక్కువ ఉంటే ఏ సర్దుబాటూ అన్నిటికీ సరిపోదు. బౌల్‌లు ఒకదానితో ఒకటి కలిసి ఉండవు కనుక ఒకదాని మట్టం చూసి మిగతావి ఊహించడానికి వీల్లేదు. ప్రతిదానికీ ట్యూబు తగిలించాల్సిందే. నాలుగు ట్యూబులు ఒకేసారి పెట్టి చూసినవారికి తేడాలు వెంటనే కంటపడతాయి, ట్యూబులన్నీ ఒకే లావువైతే పాకుడు దోషం కూడా నాలుగింటిలోనూ ఒకటే.

పనుల వరస కూడా దీన్ని బట్టే ఉంటుంది. ముందు పొడిగా గేజ్‌తో నాలుగూ ఒకే ఎత్తుకు తెచ్చి, కార్బురేటర్లను బండి మీదో బల్ల మీదో నిలబెట్టి, ట్యూబులతో చూస్తారు. ఏదైనా తేడా చూపిస్తే దాన్నొక్కదాన్ని విప్పి నాలుక వంచి మళ్లీ చూస్తారు. చివరికి మట్టాలు సమమయ్యాక ఆ కార్బురేటర్ ఫ్లోట్ ఎత్తును గేజ్‌తో మళ్లీ కొలిచి రాసిపెట్టుకుంటే, పుస్తకంలోని 22కు బదులు అది 21.4 అని తేలవచ్చు. ఆ ఫ్లోట్, ఆ నీడిల్ మారనంతకాలం ఆ కార్బురేటర్‌కు పనికొచ్చే అంకె అదే. తర్వాతి సర్వీసులో ట్యూబు తగిలించకుండా గేజ్ ఒక్కదానితోనే పని అయిపోతుంది.